మేష్టారూ, ఓ మాట! ఈసారి: చిట్టి, రైలు పట్టాలు, రెండు మేకలు

పోయిన నెల ఈ పేజీలో ఊరికే ఒక మాట అడిగాను, సైన్స్ ఫిక్షన్ కథలు చదివేటప్పుడు, సినిమాలు చూసేటప్పుడు మీకు ఒళ్లు మండే విషయం ఏమిటని. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. రాయగడ, గుణుపురం, బరంపురం, జయపురం... కొన్ని కవర్లలో, ఎక్కువ వాట్సాప్‌లో. ఒడియా మీడియంలో చదువుకుని, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు రాసినవీ ఉన్నాయి. ఒత్తులు తప్పితే క్షమించమన్నారు ఇద్దరు ముగ్గురు. ఒత్తులదేముంది, నేను దిద్దుకుంటాను, ముప్ఫై ఏళ్లు ఇక్కడే పర్లాకిమిడిలో అదే పని చేశాను కదా. సగం మంది గొడవ ఒక్కటే, బుర్ర మాట వినాలా మనసు మాట వినాలా అని. అందుకని ఈసారి పేజీ అంతా దానికే.

ప్ర: మేష్టారూ, హాస్టల్లో పెద్ద వాదన అయింది. ‘రోబో’ సినిమాలో చిట్టి మంటల్లోంచి ఆ అమ్మాయిని కాపాడాడు కదా, అందులో తప్పేముంది? ఆ పిల్ల సిగ్గుతో పరిగెత్తి బండి కింద పడితే అది చిట్టి తప్పెలా అవుతుంది? సినిమావాళ్లు కావాలనే తర్కాన్ని వెధవను చేస్తారని నేనన్నాను. మిగతా నలుగురూ నన్నే రోబో అంటున్నారు. (బి.ఎస్సీ రెండో సంవత్సరం, గుణుపురం)

జ: అటువైపు నలుగురున్నారని వాళ్లదే రైటని ఒప్పేసుకోకు బాబూ. 2010లో వచ్చిన సినిమా, చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. బిల్డింగ్ తగలబడుతుంటే చిట్టి ఒక్కొక్కరినీ బయటికి తెస్తాడు. స్నానం చేస్తున్న అమ్మాయిని కూడా, ఒంటి మీద బట్టల్లేవని చెబుతున్నా వినకుండా, అలాగే ఎత్తుకొచ్చి జనం మధ్య, కెమెరాల ముందు నిలబెడతాడు. ఆ పిల్ల తట్టుకోలేక పరిగెత్తి, బండి కింద పడి చచ్చిపోతుంది.

ప్రాణం ముఖ్యమా పరువు ముఖ్యమా అని నువ్వు అడుగుతున్నావు. రెండింట్లో ఒకటే దొరుకుతుందని నీకెవరు చెప్పారు? దారిలో ఏదో ఒక తలుపుకి కర్టెన్ ఉంటుంది, మంచం మీద దుప్పటి ఉంటుంది. ఏదీ దొరక్కపోతే కింద నిలబడ్డవాళ్లలో మన గుణుపురం తాత ఒకడుంటే చాలు, భుజం మీది తువ్వాలు ఆయన చెయ్యి తనంతట తానే తీసేది, ఆలోచించే పని కూడా లేదు. చిట్టి కూడికలో తప్పు లేదు. కూడాల్సిన అంకెల్లో ఒకటి వాడికి కనపడలేదు, అంతే. దాన్ని కనపడేలా చేసేదే మనం సిగ్గు, జాలి, భయం అని పిలుచుకునే సరుకు. అలాగని సినిమా తర్కాన్ని వెధవను చేసిందనడం కూడా అన్యాయమే. సెకండాఫ్ గుర్తు తెచ్చుకో. వాడికి మనసు పెట్టారు, ఏమైంది? హీరోయిన్ సనా మీద ప్రేమ పుట్టి ఊరంతా వల్లకాడు చేశాడు. మనసు లేనప్పుడు ఒక్క పిల్ల పోయింది, మనసొచ్చాక ఎంతమంది పోయారో లెక్కే లేదు. నీ రూమ్మేట్లకి ఆ సగం చూపించు.

ఇంకోటి కూడా చెప్పి వదిలేస్తాను, ఇది కథ కాదు. ఆంటోనియో డమాసియో అని మెదడు డాక్టరు, ఆయన దగ్గరికి వచ్చే ఒక పేషెంటుకి నుదుటి వెనకాల ఉండే మెదడు భాగం దెబ్బతింది. తెలివి బాగానే ఉంది, ఆవేశాలు, భయాలు మాత్రం చల్లబడిపోయాయి. ఒకరోజు రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంటే ఈయన కారు నడుపుకుంటూ వచ్చాడు. ముందు వెళ్తున్నవాళ్లు కంగారుపడి బ్రేకు తొక్కి జారిపోతుంటే, ఈయన తొణక్కుండా బెణక్కుండా దాటేశాడు. శభాష్ అనాలి కదా? మర్నాడు డాక్టరు, వచ్చేసారి ఈ రెండు తారీకుల్లో ఎప్పుడొస్తారు అని అడిగాడు. ఈయన డైరీ తీసి, ఆ రోజైతే ఈ పని ఉంది, ఈ రోజైతే వాతావరణం ఎలా ఉంటుందో అని దాదాపు అరగంట సేపు లాభనష్టాలు చెబుతూనే ఉన్నాడు. ఎక్కడా తప్పు మాట లేదు, తేలింది కూడా లేదు. చివరికి డాక్టరే విసుగు దాచుకుని, ఆ రెండు తారీకుల్లో రెండోదానికి రండి అంటే, సరే అని డైరీ మూసి వెళ్లిపోయాడు. మనకైతే ఐదో నిమిషానికే ఎదుటివాళ్ల మొహం చూసి మొహమాటం వచ్చేస్తుంది. ఆ మొహమాటం కూడా ఒక తూకం రాయే అని నాకు అది చదివాకే తెలిసింది.

ప్ర: కాలేజీలో ఫిలాసఫీ మేడమ్ ఒక లెక్క చెప్పారు. బ్రేకులు పోయిన ట్రాలీ వస్తోంది, పట్టాల మీద ఐదుగురున్నారు, పక్క పట్టా మీద ఒక్కడు. మీట లాగితే ఐదుగురు బతుకుతారు, ఒక్కడు పోతాడు. లాగుతామని క్లాసులో చేతులెత్తాం. ఇంటికొచ్చి మా అన్నయ్యకి చెబితే పడీపడీ నవ్వాడు. ఆయన లోకో పైలట్. ఎందుకు నవ్వాడో చెప్పట్లేదు. (బరంపురం)

జ: నాకు తెలుసమ్మా ఎందుకు నవ్వాడో. ఈ లెక్క 1967లో ఫిలిప్పా ఫుట్ అనే ఆవిడ రాసింది. ఆవిడ రాసినదాంట్లో మీట దగ్గర దారినపోయేవాడు ఉండడు, ట్రాము నడిపేవాడే దాన్ని ఇటో అటో తిప్పాలి. మీ అన్నయ్యకి స్టీరింగ్ ఎక్కడిదీ! బండి ఏ లైన్లోకి వెళ్లాలో పాయింట్లు మార్చేవాళ్ల చేతిలో ఉంటుంది. ఆయన చేతిలో ఉండేది బ్రేకు, హారను, మిగిలింది దేవుడు. పైగా రైల్వేలో పనిచేసేవాళ్లు ఎవరైనా ముందు అడిగేది, లైను మీద ఐదుగురుంటే బ్లాక్ (పని అయ్యేదాకా ఆ లైన్లో బండ్లు ఆపించడం) తీసుకోలేదా, ఎర్రజెండా ఏది, చూస్తూ ఉండాల్సినవాడు ఏ చెట్టు కింద కూర్చున్నాడు అని. అది విని మీ మేడమ్ విషయం పక్కదారి పట్టిందంటారు. నాకైతే అసలు విషయం అదేననిపిస్తుంది. దాని సంగతి కింద జయపురం ఉత్తరంలో చెబుతాను.

మీ మేడమ్ రెండో భాగం అడిగారో లేదో. జుడిత్ థామ్సన్ తర్వాత కలిపింది: మీట లేదు, నువ్వు వంతెన మీద ఉన్నావు, పక్కన భారీ మనిషి ఒకడు నిలబడ్డాడు. వాణ్ని కిందికి తోస్తే ట్రాలీ ఆగి ఐదుగురు బతుకుతారు. అవే అంకెలు, ఐదు, ఒకటి. ఇప్పుడు ఎత్తిన చేతులు చాలావరకు దిగిపోతాయి. 2001లో జాషువా గ్రీన్ బృందం ఇలాంటి ప్రశ్నలు అడుగుతూ మెదడు స్కాన్ చేసింది. తోయడం లాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ఆవేశాలకు సంబంధించిన భాగాలు ఎక్కువ పనిచేశాయి. 2007లో ఇంకో పరిశోధన. పైన చెప్పిన పేషెంటుకి దెబ్బతిన్న భాగమే దెబ్బతిన్న ఆరుగురిని అడిగితే, మామూలువాళ్ల కంటే వాళ్లు తోసేయొచ్చనే వైపు ఎక్కువ మొగ్గారు.

దీన్ని చూసి, చూశారా, మనసు అడ్డం రాకపోతే లెక్క కరెక్టుగా వస్తుంది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నిజం జీవితంలో వాణ్ని తోస్తే ట్రాలీ ఆగుతుందని గ్యారంటీ ఎవరిస్తారు? ప్రశ్నలో అయితే రాసేశారు కాబట్టి ఆగుతుంది. పట్టాల మీద ఆగకపోతే ఆరుగురు పోతారు, నువ్వు జైలుకి పోతావు. చెయ్యి వెనక్కి లాక్కోవడం పిరికితనం కాదు, ‘నీకు అంత ఖాయంగా ఏం తెలుసు’ అని ఒంట్లోంచి వచ్చే ప్రశ్న అది. మీట లాగిన చేతులు తప్పని నేననను. కానీ రెండో ప్రశ్నకి కూడా టక్కున చెయ్యెత్తినవాడు ఎవడైనా ఉంటే, స్టేషన్లో వాడి పక్కన ప్లాట్‌ఫామ్ అంచున నిలబడకు.

ప్ర: మా పాపకి ఆరేళ్లు. మాట్లాడే బొమ్మ పాడైపోయిందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బ్యాటరీ బొమ్మకి ఏడవడం పిచ్చితనమని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. (కాశీనగర్)

జ: విశ్వకర్మ పూజ రోజు వాళ్ల నాన్న బండికి బొట్టు పెట్టి దండ వేశారా లేదా, అది అడగండి ముందు. జపాన్‌లో సోనీ కంపెనీ 1999లో తెచ్చిన ఐబో అనే కుక్కబొమ్మలకి రిపేర్లు ఆపేస్తే, 2015లో ఒక బౌద్ధాలయంలో పూజారి మంత్రాలు చదివి వాటికి అంత్యక్రియలు చేశాడు. ఏడ్చినవాళ్లు పెద్దవాళ్లే. పాపని ఏడవనివ్వండి, బొమ్మని పెరట్లో పాతిపెట్టండి. బ్యాటరీ మాత్రం తీసేయండి, మట్టికి మంచిది కాదు.

ప్ర: 2018లో తిత్లీ తుఫాను తర్వాత ఒక బిడ్డ ఫోటో చూసి, ఇంటి ఖర్చులో దాచుకున్న డబ్బు పంపేశాను. మా వారు ఇప్పటికీ దెప్పుతారు, ‘వేలమంది ఇళ్లు కూలితే ఒక్క ఫోటోకి కరిగిపోయావు, లెక్కా పత్రం లేదు’ అని. ఆయన అన్నదీ నిజమే అనిపిస్తుంది. తప్పు చేశానా? (గృహిణి, రాయగడ)

జ: తప్పేం లేదమ్మా. మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడినప్పుడు ఎవరికి చెయ్యి ఆడింది, ఎవరు లెక్కలు వేశారు? కానీ మీవారి మాటలో కూడా సగం నిజం ఉంది, ఆ సగం ఇప్పుడు చూద్దాం.

అమెరికాలో ముగ్గురు పరిశోధకులు (స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్) 2007లో ఒక ప్రయోగం అచ్చు వేశారు. మనిషికి 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఆఫ్రికాలో ఆకలికి ఎంత ఇస్తారని అడిగారు. కొందరికి ఒక ఏడేళ్ల పాప ఫోటో, పేరు చూపించారు. కొందరికి ఇన్ని లక్షలమంది అని అంకెలు ఇచ్చారు. ఫోటో చూసినవాళ్లు అంకెలు చూసినవాళ్ల కంటే సుమారు రెట్టింపు ఇచ్చారు. సరే, ఇది మనకి తెలిసిందే. ఫోటోతో పాటు అంకెలు కూడా ఇస్తే ఇంకా ఎక్కువ రావాలి కదా? తగ్గింది! తర్వాత, కొందరి చేత ముందుగా చిన్నచిన్న లెక్కలు చేయించి, బుర్రని లెక్కల మూడ్‌లో పెట్టి అడిగారు. మీవారి ప్రకారం వాళ్లు వేలమందికి ఎక్కువ ఇవ్వాలి. అలా జరగలేదు. పాపకి ఇచ్చేది తగ్గించారు, వేలమందికి ఇచ్చేది పెంచలేదు. లెక్క వాళ్లని న్యాయంగా మార్చలేదమ్మా, పిసినారుల్ని చేసింది.

అందుకని మీవారితో ఇలా అనండి: ‘ఫోటో చూశాక నాకు చెయ్యి తెరుచుకుంది, అది నా పని. ఆ డబ్బు ఎవరి చేతికి పోతే ఎక్కువమందికి అందుతుందో కనుక్కోవడం మీ పని, మీరు ఆ పని ఎప్పుడు చేశారు?’ ఇంట్లో గొడవైతే నా పేరు చెప్పకండి.

ప్ర: నేనొక కథ రాస్తున్నాను. అంగారకుడి మీద కాలనీ, పదిమందికే సరిపడా ఆక్సిజన్, ఉన్నది పదకొండు మంది. ఎవరిని వదిలేయాలో లేడీ డాక్టరు తేల్చాలి. ఆమెని ఏడిపిస్తే మెలోడ్రామా అంటున్నారు, ఏడిపించకపోతే రాయిలా ఉందంటున్నారు. బ్యాలెన్స్ ఎలా కుదురుతుంది? (జయపురం)

జ: ఏడుపు సంగతి తర్వాత, ఆ సిలిండర్లు ఎవరు సర్దారు?

హాస్యానికి కాదు, నిజంగా అడుగుతున్నాను. నీ కథకి ఒక ముత్తాత ఉన్నాడు. 1954లో టామ్ గాడ్విన్ రాసిన కథ, ఇంగ్లీషులో చాలా పేరున్నది. ఆరుగురికి మందు తీసుకుపోతున్న చిన్న నౌక, ఇంధనం చుక్క లెక్కన నింపారు. అన్నయ్యని చూడాలని ఒక అమ్మాయి అందులో దాక్కుంటుంది. ఆమె బరువుతో నౌక దిగలేదు, కాబట్టి ఆమెని బయటికి తోసేయాల్సిందే. పైలట్ మంచివాడు, బాధపడతాడు, లెక్క మాత్రం మారదు. గాడ్విన్ ఆ పిల్లని ఎలాగోలా బతికిస్తూ రాస్తుంటే, సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ కథని మళ్లీ మళ్లీ వెనక్కి పంపాడట, ఆ పిల్ల చచ్చేదాకా. ప్రకృతి సూత్రాలకి జాలి ఉండదని చూపించడం ఆయన ఉద్దేశం.

నేను ఫిజిక్స్ మేష్టర్ని, నాకూ ఆ సూత్రాల మీద గౌరవమే. కానీ ఆ కథ చదివిన రోజు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. తలుపు మీద లోపలికి రావద్దని బోర్డు పెట్టారు, తాళం ఎందుకు వేయలేదు? ఎక్కే ముందు నౌకంతా ఒకసారి ఎందుకు వెతకలేదు? లిఫ్టు తాడు కట్టేవాడు కూడా మోయాల్సిన బరువుకి ఎన్నో రెట్లు ఆగేలా కడతాడు, మరి ఒక పిల్ల బరువుకి కూలిపోయేలా ఇంధనం నింపింది ప్రకృతా, గుమస్తానా? గురుత్వాకర్షణకి జాలి లేదు, సరే. బడ్జెట్‌కి కూడా లేదని మాత్రం చెప్పకుండా దాచేశారు. బరంపురం లోకో పైలట్ నవ్వింది కూడా ఇందుకే.

నీ కథలో డాక్టరు ఏడవొచ్చు, ఏడవకపోవచ్చు. ఆమె ఒక్కసారి తిరిగి, ‘పదకొండు మందిని పంపి పదిమందికి గాలి ఎవరు పెట్టారు’ అని అడిగితే, ఆ కోపంలో బుర్ర, మనసు రెండూ ఉంటాయి, నువ్వు వేరే బ్యాలెన్స్ చేయక్కర్లేదు.

నీ కాలనీలో రోబోలు కూడా ఉంటే ఒక మాట. 1942లో ఐజాక్ అసిమోవ్ రోబోలకి మూడు నియమాలు రాసి, అవి ఎలా బెడిసికొడతాయో కథలు కథలుగా చూపించాడు. మనకది పాత సంగతే. కర్ణపర్వంలో కౌశికుడున్నాడు చూడు, ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టాడు. దొంగల నుంచి పారిపోయి జనం అడవిలో దాక్కుంటే, దొంగలు వచ్చి అడగ్గానే అదిగో అటు వెళ్లారని నిజం చెప్పేశాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. కృష్ణుడు ఇది ఎవరికి చెబుతున్నాడు? తన గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమన్నవాణ్ని చంపుతానని శపథం పట్టి, ఆ మాట అన్నందుకు సొంత అన్న ధర్మరాజు మీదే కత్తి దూసిన అర్జునుడికి. శపథం నిలబడాలి, అన్న బతకాలి. కృష్ణుడు చెప్పిన ఉపాయం ఏమిటంటే, పెద్దవాణ్ని ‘నువ్వు’ అని పిలిస్తే చంపినట్టే, ఒక్కసారి అలా పిలువు, చాలు అని! ఇప్పటికీ మామగారిని పొరపాటున ‘నువ్వు’ అన్న అల్లుడి మొహం చూస్తే ఆ సంగతి నాకు అర్థమవుతుంది. కథ రాసి పంపు, చదువుతాను.

ప్ర: ఇన్ని చెబుతారు, మీరెప్పుడైనా లెక్క తప్పారా మేష్టారూ? (రిటైర్డ్ ఉద్యోగి, ఛత్రపురం)

జ: 2013 అక్టోబర్ 12. ఫైలిన్ తుఫాను ఆ రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 1999 తుఫానులో వేలమంది పోయిన భయం అందరికీ ఉంది కాబట్టి ఆ ఏడాది రాష్ట్రంలో లక్షలమందిని ముందే తరలించారు. నేనప్పుడు అటు చుట్టాల ఇంట్లో ఉన్నాను, దసరా సెలవులు. మన తెలుగు నోలియాల (సముద్రంలో చేపలు పట్టేవాళ్ల) పల్లె ఒకటి ఖాళీ చేయిస్తుంటే, మేష్టర్ని కదా, బడి గేటు దగ్గర నిలబెట్టి పేర్లు రాయమన్నారు. మధ్యాహ్నానికే గదులు నిండాయి. ఒక ముసలమ్మ రెండు మేకల్ని తాడుతో పట్టుకుని వచ్చింది. మనుషులకే చోటు లేదు మామ్మా, మేకలు వద్దు, నువ్వొక్కదానివి లోపలికి రా అన్నాను. ఎంత సమంజసమైన మాటో చూడండి.

ఆవిడ నా చేతిలో కాగితం వంక చూసి, ‘నీ లెక్కకి నానొక్కదాన్నే బాబూ, నా లెక్కకి మేం ముగ్గురుం’ అని, వెనక్కి తిరిగి సముద్రం వైపు నడవడం మొదలుపెట్టింది. గాలి అప్పటికే కొబ్బరి మట్టల్ని విరుస్తోంది. నేను అక్కడే పెన్ను పట్టుకుని నిలబడ్డాను, ఇంకా రూలు గురించే ఆలోచిస్తూ. పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు, ఆవిడకి ఏమీ కాడు, పరిగెత్తుకెళ్లి ఒక మేకని భుజాన వేసుకుని, రెండోదాన్ని తాడు పట్టి లాక్కుంటూ, నన్ను అడగనైనా అడక్కుండా వరండాలోకి వచ్చేశాడు. ఆవిడ వాడి వెనకే వచ్చింది. అది చూసి, మేకల కోసం, కోళ్ల కోసం ఇళ్ల దగ్గరే ఆగిపోయిన ఇంకో మూడు కుటుంబాలు గంటలో వచ్చాయి. వాళ్లు ఆగిపోయారన్న సంగతే నా కాగితంలో లేదు.

వరండాలో బెంచీలు అడ్డం పెట్టి మేకల్ని కట్టేశాం. రాత్రంతా రేకులు ఎగిరిపోతున్న చప్పుడు, వాటి మధ్య ఈ రెండింటి అరుపు. తెల్లారి చూస్తే హాజరు కాగితం సగం లేదు, నా ఎడమ చెప్పు పట్టీ కూడా లేదు. నల్ల మేక నములుతూ నా వంకే చూస్తోంది.